చలిగాలికి లేచే దద్దుర్లు: గుర్తించడం, కాచుకోవడం

చలిగాలి పడదని చెప్పేవారందరికీ ఉన్నది ఒకే సమస్య కాదు. చలిలో ముక్కు కారడం చాలామందికి మామూలే. లోపలికి వెళ్లే గాలిని వెచ్చబరచి, తేమ చేర్చడం ముక్కు పని కాబట్టి దానిని అలర్జీగా భావించి మందులు వాడనక్కరలేదు. చల్లని పొడిగాలికి ఆయాసం, పిల్లికూతలు వస్తుంటే మాత్రం ఆస్తమా ఉందేమో పరీక్ష చేయించుకోవాలి. ఈ రెండూ కాక, గాలి తగిలినచోట చర్మం ఎర్రబడి, దురదతో దద్దుర్లు లేచే సమస్య మరొకటి ఉంది. ఇక్కడ చెప్పేది ప్రధానంగా దాని గురించే.

చలి తగిలినప్పుడు చర్మంలో ఉండి అలర్జీ లక్షణాలకు కారణమయ్యే మాస్ట్ కణాలు, దురద, వాపు కలిగించే హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేయడం వల్ల ఈ దద్దుర్లు వస్తాయి. బయట ఉన్నప్పటికంటే, ఇంట్లోకి వచ్చి ఒళ్లు వెచ్చబడుతున్నప్పుడే ఇవి ఎక్కువ కావడంతో చాలామంది తప్పును చలి మీద కాక గది వేడి మీదో, వేసుకున్న ఉన్ని బట్టల మీదో వేస్తారు. చల్లని గ్లాసు కాసేపు పట్టుకుంటే అరచేయి ఉబ్బి, వేళ్లు ముడవడం కష్టమైతే, చలే కారణమని అనుమానించవచ్చు. నిర్ధారణ కోసం వైద్యులు పలుచని ప్లాస్టిక్ సంచిలో మంచుముక్కను ఉంచి, ముంజేతి మీద సుమారు 5 నిమిషాలు పెట్టి తీసేసి, మరో 10 నిమిషాలు గమనిస్తారు. ఒక్కోసారి ప్రతిచర్య తీవ్రంగా ఉండవచ్చు కనుక దీనిని ఇంట్లో ప్రయత్నించకూడదు.

జాగ్రత్తల విషయంలో ఉష్ణోగ్రత అంకెను మాత్రమే నమ్ముకుంటే మోసపోతాం. ఈదురుగాలి, తడి చర్మం, ఒక్కసారిగా మారే వాతావరణం కలిసినప్పుడు అంత చలి లేని రోజున కూడా దద్దుర్లు లేస్తాయి. అందువల్ల బయటికి వెళ్లాక చలి వేసినప్పుడు కాక, గడప దాటకముందే చెవులు, మెడ, చేతులు కప్పుకోవాలి. ముక్కూ నోరూ కప్పేలా మఫ్లర్ చుట్టుకుంటే పీల్చే గాలి కొంత వెచ్చబడుతుంది. ఒకే మందపాటి కోటు కంటే పొరలుపొరలుగా వేసుకున్న బట్టలే నయం, ఎందుకంటే చెమట పట్టకముందే ఒకటి తీసేయవచ్చు. ఆ చెమట ఆరేటప్పుడు కలిగే చల్లదనం కూడా దద్దుర్లకు చాలు. స్నానం చేశాక తలుపు తీయకముందే ఒళ్లు పూర్తిగా తుడుచుకోవాలి. ఏసీ గాలి సూటిగా మీదికి రాకుండా చూసుకోవాలి.

వైద్యులు సాధారణంగా మొదట సెటిరిజిన్, ఫెక్సోఫెనడిన్ వంటి, మత్తు తక్కువగా ఉండే యాంటీహిస్టమిన్లు (హిస్టమిన్ ప్రభావాన్ని అడ్డుకునే మందులు) సూచిస్తారు. ఫలితం చాలకపోతే మోతాదు పెంచే అవకాశం ఉంది, కానీ ఆ నిర్ణయం వారిదే. అలవాటు పడితే తగ్గుతుందని సొంతంగా చన్నీళ్ల స్నానం మొదలుపెట్టడం ప్రమాదకరం.

అన్నిటికంటే భయపడవలసింది చల్లని నీటిలో ఈతకు. ఒళ్లంతా ఒకేసారి చల్లబడితే రక్తపోటు పడిపోయి నీటిలోనే స్పృహ తప్పవచ్చు. ఐస్‌ముక్కలు, శీతల పానీయాల వల్ల నాలుక, గొంతు వాచవచ్చు. గొంతు బిగుసుకున్నా, ఊపిరి అందకపోయినా, కళ్లు తిరిగినా మాత్ర పని చేసేదాకా ఆగకూడదు. వైద్యుడు రాసిచ్చిన అడ్రినలిన్ ఇంజెక్షన్ ఉంటే వెంటనే తొడ బయటి వైపు చేసి, అంబులెన్స్‌ను పిలవాలి. ఆపరేషన్ థియేటర్ చల్లగా ఉంటుంది, సెలైన్ కూడా చల్లగానే ఎక్కవచ్చు కాబట్టి, ఏ శస్త్రచికిత్సకైనా ముందు మత్తుమందు ఇచ్చే వైద్యుడికి ఈ సంగతి తప్పక చెప్పాలి.