గ్లైడర్ ఎక్కే ముందు రెక్కకు ఇసుక బస్తాల పరీక్ష

ఇంట్లో అల్ట్రాలైట్ గ్లైడర్ కట్టుకుంటున్నవాళ్లకు ఒక మాట. రెక్క గట్టిదనాన్ని చేత్తో ఊపి చూసి నమ్మకండి. తలకిందులు చేసి ఇసుక బస్తాలు పేర్చండి. గాలి రెక్కను పైకి నెడుతుంది కాబట్టి, తిప్పి పెడితే ఆ బలం వైపే బరువు పడుతుంది.

లెక్క ఇలా: మనిషి 70 కిలోలు, రెక్కలు 30, మిగతా బాడీ 30 అనుకుందాం. రెక్కను 4 రెట్ల బరువుకు డిజైన్ చేస్తే, రెక్కలు కాక మిగిలిన 100ని 4తో గుణించి, అందులోంచి రెక్కల సొంత బరువు 30 తీసేయాలి, తలకిందులుగా పెట్టినప్పుడు అదీ ఇసుకతో పాటే కిందికి లాగుతుంది కాబట్టి. అంటే 370 కిలోల ఇసుక. మొదలు దగ్గర ఎక్కువ, కొసకు పోయేకొద్దీ తక్కువ, రెండు వైపులా సమానంగా వేయండి. రెక్క బాడీకి బిగించే బోల్టుల దగ్గరే ఆనాలి. కొసల కింద కాస్త ఖాళీ వదిలి దిమ్మలు పెట్టండి, కింద చేతులు పెట్టకండి. ఇసుక వేసే ముందే పక్కన కర్ర పాతి, కొస ఎత్తును పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఇసుక తీశాక కొస ఆ గీతకు తిరిగి రాకపోతే లోపల ఏదో నలిగినట్టే, ఎగరొద్దు.

1900లో అమెరికాలోని కిటీ హాక్‌లో రైట్ సోదరులు కూడా తమ గ్లైడర్‌ను గాలిపటంలా తాళ్లతో ఎగరేసి, మనిషికి బదులు గొలుసులు వేసి చూశారు.

ఇది పాసయ్యాకే గరిమనాభి (మొత్తం బరువు తూగే బిందువు) సరిచూసుకుని, నేర్పేవాళ్లను పక్కన పెట్టుకుని, చదునైన మైదానంలో మోకాలెత్తు గెంతులతో మొదలుపెట్టండి.