పాలు కాగేలోపు ఒక ఫొటో

ఫొటోలు తీయాలని ఉన్నా తీరిక దొరకడం లేదా? దానికోసం విడిగా టైం పెట్టుకోకండి, రోజూ ఎలాగూ చేసే పనికి తగిలించేయండి. నేను పొద్దున్నే స్టవ్ సిమ్‌లో పెట్టి, పాలు కాగేలోపు గుమ్మం ముందు ముగ్గును ఫొటో తీస్తాను. ఏడింటికి ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి పిండి గరుకుతనం కూడా కనిపిస్తుంది. పదింటికి ఆ అందం ఉండదు.

ముందు లెన్స్‌ను మెత్తటి గుడ్డతో తుడవండి, సగం మసక అక్కడే పోతుంది. చాలా ఫోన్లలో స్క్రీన్ మీద ముగ్గును వేలితో నొక్కి పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది. తర్వాత వెలుతురు కాస్త తగ్గిస్తే తెల్లటి గీతలు ఎండలో కలిసిపోవు. జూమ్ జోలికి పోకుండా, వంగి దగ్గరికెళ్లండి. నాలుగైదు తీసినా రాత్రికి ఒకటే ఉంచుకుని మిగతావి తీసేయండి.

పాలు రెండుసార్లు పొంగాయనుకోండి, అది వేరే సంగతి.