వరద గ్రాఫు ఫోనులో స్పష్టంగా కనబడాలంటే

గోదావరికి వరదొచ్చిందంటే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టాన్ని ఆక్టేవ్‌లో (లెక్కలు చేసి గ్రాఫులు గీసే ఉచిత కంప్యూటర్ ప్రోగ్రాం) గ్రాఫు గీసి, లంకల్లో ఉన్న మావాళ్లకి వాట్సాప్‌లో పంపుతుంటాను. 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గర మూడు అడ్డగీతలుంటాయి. మూడు ప్రమాద హెచ్చరికలవి. నీరు ఏ గీతకి ఎంత దగ్గరకొచ్చిందో చూసుకునే పశువుల్ని ఏటిగట్టు మీదికి తోలతారు. ఆ అంకెలు అలుక్కుపోతే గ్రాఫు పంపీ లాభం లేదు.

రిజల్యూషన్ పెంచితే సరిపోతుందనుకుంటారు చాలామంది. ముందు తేల్చుకోవాల్సింది బొమ్మ కొలత. ఆక్టేవ్ బొమ్మ సెట్టింగుల్లో పేపర్‌యూనిట్స్ ఇంచెస్‌లో పెట్టి, పేపర్‌పొజిషన్‌కి 0 0 6 4 ఇవ్వండి. అంటే ఆరంగుళాల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తు. బొమ్మని ఫైలుగా దాచే ప్రింట్ కమాండ్‌లో ఫైలు పేరు తర్వాత -డీపీఎన్‌జీ (పీఎన్‌జీ రకం ఫైలు), -ఆర్300 (అంగుళానికి 300 పిక్సెళ్లు) అని ఇస్తే 1800 బై 1200 పిక్సెళ్ల బొమ్మ వస్తుంది.

అసలు చిక్కు అక్షరాల దగ్గరుంది. మనం ఏమీ మార్చకపోతే అక్షరం సైజు 10 పాయింట్లు. ఫోను నిలువుగా పట్టుకుంటే ఆరంగుళాల బొమ్మ మూడంగుళాల లోపుకి కుదించుకుపోతుంది, అక్షరం 5 పాయింట్లు కూడా ఉండదు. -ఆర్600 పెట్టినా అంతే, చిన్న అక్షరం చిన్నగానే ఉంటుంది. అందుకే ఫాంట్‌సైజ్ 18 చేస్తాను. నీటిమట్టం గీతకి లైన్‌విడ్త్ 2, హెచ్చరిక గీతలకి 1. ఆ మూడూ మూడు రకాల తెగిన గీతలైతే నలుపు-తెలుపు జిరాక్సులోనూ తేడా తెలుస్తుంది. ఏ గీత ఏమిటో చెప్పే లెజెండ్ పెట్టె తీసేసి, టెక్స్ట్ కమాండ్‌తో గీత చివరే ‘రెండో హెచ్చరిక 13.75’ అన్నట్టు రాయడం మేలు. పెద్దవాళ్లు వెతుక్కోనక్కర్లేదు.

జేపెగ్ జోలికి పోకండి. అది ఫొటోలకి బాగుంటుంది గానీ, సన్నగీతల అంచుల్లో మరకలు తెస్తుంది. పీఎన్‌జీలో ఏదీ పోదు. స్క్రీన్‌షాట్ కూడా వద్దు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే మళ్లీ నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

కాగితం మీద అచ్చువేసి పంచాయతీ దగ్గర అంటించాలంటే -డీపీఎన్‌జీ బదులు -డీపీడీఎఫ్ ఇచ్చి పీడీఎఫ్ చేయండి. ఎంత పెద్దది చేసినా గీత పగలదు. పేపర్‌సైజ్ కూడా 6 4 చేయండి, లేకపోతే పెద్ద కాగితం నడుమ చిన్న బొమ్మ కూర్చుంటుంది. ఆక్టేవ్ లాంటిదే, డబ్బు పెట్టి కొనే మ్యాట్‌ల్యాబ్ 2020ఏ లేదా ఆ తర్వాతి వెర్షన్ ఉన్నవాళ్లకి ఎక్స్‌పోర్ట్‌గ్రాఫిక్స్ అనే కమాండ్ ఉంది. చుట్టూ ఖాళీని అదే కత్తిరిస్తుంది.

తేదీ, గంట ఫైలు పేరులో పెడితే చాలదు, బొమ్మలోనే టైటిల్‌గా రాయండి. నిన్నటి మట్టం ఇవాళ ఫార్వర్డ్ అయి వస్తే, తేదీ కనబడకపోతే జనం దాన్నే నమ్ముతారు.