ఎర్గోమీటర్‌పై సాధన చేసే రోయర్లు నడుమును కాపాడుకోవడం ఎలా?

ఒలింపిక్ రోయింగ్ (తెడ్లతో పడవ నడిపే క్రీడ) పోటీ దూరం చాలాకాలంగా 2000 మీటర్లు (2028 లాస్ ఏంజెలెస్‌లో మాత్రం 1500 మీటర్లే). బోటును బట్టి ఐదున్నర నుంచి ఎనిమిది నిమిషాల్లో ముగిసే ఆ పోటీ కోసం రోయర్లు ఏళ్ల తరబడి సాధన చేస్తారు. వారిలో అన్నిటికన్నా ఎక్కువమందిని వేధించేది నడుము నొప్పి. ఎర్గోమీటర్, అంటే నేల మీదే పడవ నడిపినట్టు సాధన చేయించే యంత్రం, మీద గడిపే సమయం పెరిగేకొద్దీ ఆ ముప్పు కూడా పెరుగుతుంది. అయినా హుస్సేన్ సాగర్‌లో సాధన చేసేవారికైనా, చలికాలంలో సరస్సులు గడ్డకట్టే దేశాలవారికైనా ఆ యంత్రం లేకుండా గడవదు కనుక దాన్ని జాగ్రత్తగా వాడుకోవడమే దారి.

యంత్రాన్ని అమర్చుకోవడం

డంపర్ లీవర్‌ను (గాలి ప్రవాహాన్ని మార్చే మీటను) అన్నిటికన్నా పెద్ద అంకె 10 మీద పెట్టి లాగితేనే బలం వస్తుందన్న నమ్మకం మన జిమ్ముల్లో గట్టిగా పాతుకుపోయింది. ఆ అంకె ఫ్లైవీల్‌లోకి (లాగినప్పుడు తిరిగే చక్రంలోకి) ఎంత గాలి వెళ్లగలదో మాత్రమే చెబుతుంది. అది పెరిగేకొద్దీ స్ట్రోక్ (ఒక్కో లాగుడు) బరువెక్కి, నడుముపై భారం పెరుగుతుంది. అందువల్ల మానిటర్‌లో డ్రాగ్ ఫ్యాక్టర్ (చక్రానికి గాలి వల్ల కలిగే నిరోధాన్ని చూపే అంకె) చూసి అమర్చుకోండి. పోటీ రోయర్లలో చాలామంది దాన్ని 100 నుంచి 130 మధ్య ఉంచుకుంటారు. చక్రం చుట్టూ ఉండే జాలీలో దుమ్ము, నూలుపోగులు పేరుకుంటే లీవర్ అదే అంకె మీద ఉన్నా డ్రాగ్ ఫ్యాక్టర్ తగ్గిపోతుంది. పాదాల పలకను మరీ ఎత్తుగా పెట్టుకుంటే తుంటి నుంచి వంగడం కష్టమై, ఆ లోటు నడుము మీద పడుతుంది.

భంగిమను పరీక్షించుకోవడం

ఫోన్‌ను పక్కన సీటు ఎత్తులో నిలిపి, సాధనలో మొదటి నిమిషాన్నీ చివరి నిమిషాన్నీ వీడియో తీయండి. క్యాచ్ దగ్గర, అంటే మోకాళ్లు పూర్తిగా ముడిచి చేతులు ముందుకు చాచిన క్షణంలో, వీడియో ఆపి షార్ట్స్ నడుంపట్టీని గమనించండి. అది ముందుకు వాలి ఉంటే మీరు తుంటి నుంచి వంగుతున్నారు. వెనక్కి వాలి, దానిపైన వీపు విల్లులా గుండ్రంగా కనిపిస్తే, నడుము కింది భాగం నుంచే వంగుతున్నారు. మొదట్లో చక్కగా కూర్చున్నవారు కూడా అలసిపోయాక కుంగిపోతారు కనుక చివరి నిమిషం వీడియోనే ఎక్కువ శ్రద్ధగా చూడాలి.

దిద్దుబాటు మాత్రం క్యాచ్‌కు ముందే జరగాలి. స్ట్రోక్ ముగిశాక మొదట చేతులు చాచి, తర్వాత తుంటి నుంచి ముందుకు వంగి, ఆ వంపు కుదిరిన తర్వాతే మోకాళ్లు మడవాలి. తొడ వెనుక కండరాలు బిగుసుకుపోయినవారికి కోచ్ ఎన్నిసార్లు అరిచి చెప్పినా ఇది సాధ్యం కాదు. వారు విడిగా కసరత్తులు చేస్తూ, అంతవరకు ముందుకు జరిగే దూరాన్ని కాస్త తగ్గించుకోవాలి.

సాధనను విడగొట్టడం

ఏకబిగిన 30 నిమిషాలకు మించి ఎర్గోమీటర్ చేయడానికీ నడుము నొప్పికీ సంబంధం ఉందని అధ్యయనాల్లో తేలింది. అందువల్ల గంట సాధనను 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు చేసి, మధ్యలో సీటు దిగి నాలుగడుగులు వేయండి. నిద్ర లేచేసరికి వెన్ను డిస్కులు నీటితో ఉబ్బి ఉండి, వంగినప్పుడు వాటిపై ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి పక్క మీది నుంచి లేచి నేరుగా ఎర్గోమీటర్ ఎక్కకూడదు. జ్వరం తర్వాత, సెలవుల తర్వాత పాత దూరాలను ఒక్కసారిగా అందుకోవాలని చూడకండి. గతంలో నడుము నొప్పి వచ్చినవారికి అది తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

నొప్పి మొదలైతే

ఆ రోజు సాధన అక్కడితో ఆపి కోచ్‌కు చెప్పండి. జట్టులో చోటు పోతుందన్న భయంతో నొప్పిని దాచే అలవాటు ఈ క్రీడలో ఎక్కువ. ముందుగా చెప్పినవారిని పిరికివారిగా చూసే కోచ్‌లు కూడా దానికి కారణమే. పూర్తిగా మంచం పట్టనవసరం లేదు, నొప్పి పెరగనంత మేరకు నడవడం మంచిది. నొప్పి లేనివారి ఎంఆర్‌ఐలో కూడా డిస్కు మార్పులు కనిపిస్తుంటాయి కనుక వెంటనే స్కానింగ్‌కు పరుగెత్తడం వల్ల తరచూ అనవసర భయమే మిగులుతుంది. అయితే కాళ్లలో బలం తగ్గినా, తొడల నడుమ తిమ్మిరి ఎక్కినా, మూత్ర విసర్జనపై పట్టు తప్పినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. తిరిగి మొదలుపెట్టేటప్పుడు మొదట సమయాన్ని, ఆ తర్వాతే వేగాన్ని పెంచుకుంటూ పోవాలి.

నొప్పి నడుములో కాకుండా పక్కటెముకల దగ్గర ఉండి, దగ్గినప్పుడు, గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు, పక్కమీద ఒత్తిగిలినప్పుడు పొడిచినట్టయితే, అది పదేపదే పడిన ఒత్తిడికి ఎముకకు తగిలిన గాయం కావచ్చు. తొలి రోజుల్లో ఎక్స్‌రేలో అది తరచూ కనిపించదు. ఎక్స్‌రే బాగుందన్న ధీమాతో మళ్లీ యంత్రం ఎక్కకుండా క్రీడా వైద్యులను కలవండి. అలాంటి గాయానికి సాధారణంగా కొన్ని వారాల పాటు రోయింగ్ ఆపాల్సి ఉంటుంది.