పిల్లల తిండి, పిల్లల మాట – 5వ పాఠం: మెతుకు దగ్గర ఆగిపోయినప్పుడు

నాలుగవ పాఠంలో మిక్సీని పక్కన పెట్టి, అన్నాన్ని వేళ్లతో మెదిపి పెట్టమని రాశాను. ఆ తరువాత వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం చెప్పాయి: బిడ్డకు పొలమారింది, ఇంట్లో అందరూ భయపడ్డారు, మరునాటి నుంచి మళ్లీ మిక్సీయే. ఈ వారం నమలడం నేర్పవలసి ఉంది గాని, ఈ భయం తీరనిదే ఆ పాఠం ఎవరికీ పనికిరాదు కనుక ముందుగా దీనినే తీసుకుంటున్నాను.

మనం పొలమారడం అనే ఒక్క మాటతో మూడు వేరువేరు సంగతులను చెబుతున్నాము. మొదటిది ఓకరింత. బిడ్డ నాలుక ముందుకు చాస్తుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, శబ్దంతో ముద్ద బయటకు వస్తుంది. ఆరేడు నెలల వయసులో ఈ ఓకరింతను పుట్టించే చోటు నాలుక మీద బాగా ముందుకు ఉంటుంది. బిడ్డ బొమ్మలను, తన వేళ్లను, మెతుకులను నోటిలో పెట్టుకుంటున్న కొద్దీ అది మెల్లగా గొంతు వైపు జరుగుతుంది. కాబట్టి ఒక మెతుకుకు ఓకరించిన బిడ్డ ప్రమాదంలో లేదు. దాని శరీరం కాపలా కాస్తున్నది. రెండవది అసలైన పొలమారడం. నీళ్లో చారో శ్వాసనాళం వైపు పోబోతే దగ్గు వచ్చి దానిని వెనక్కి నెడుతుంది. ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తట్టడం మన ఇళ్లలో అలవాటు. దగ్గగలిగిన బిడ్డకు దానితో పని లేదు, కొంచెం ముందుకు వంగనిచ్చి దగ్గనివ్వడమే కావాలి. ఆ సమయంలో నీళ్లు పట్టవద్దు, కనిపించని ముద్ద కోసం నోటిలో వేలు పెట్టి వెతకవద్దు.

మూడవది గొంతుకు అడ్డుపడడం. దీనికి గుర్తు నిశ్శబ్దం. బిడ్డ ఏడవలేకపోతుంది, దగ్గలేకపోతుంది, పెదవులు నీలిరంగుకు తిరుగుతాయి. ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా వేసి, తల కిందికి ఉండేలా పట్టుకుని, రెండు భుజాల రెక్కల నడుమ అరచేతి కింది భాగంతో 5 సార్లు గట్టిగా చరచాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము నడుమ 5 సార్లు నొక్కాలి. అడ్డు తొలగే వరకు ఈ రెండింటినీ మార్చి మార్చి చేస్తుండగా, ఇంట్లో మరొకరు 108కి ఫోన్ చేయాలి. ఏడాది దాటిన వారికి రొమ్మును కాక, బొడ్డుకు పైగా పొట్టను లోపలికి, పైకి నొక్కుతారు. దీనిని చదివి ఊరుకోకుండా, నేర్పేవారి దగ్గర బొమ్మ మీద ఒకసారి చేతితో చేసి నేర్చుకోండి.

ఉత్తరాలలోని వర్ణనలను చూస్తే దాదాపు అన్నీ మొదటి రెండు రకాలే. అందులోనూ చాలావాటికి కారణం మెతుకు కాదు, చారు. ఈ తప్పు నాది. "చారుతో మెత్తగా కలిపి" అని నేను రాసిన మాటను చదివి, తేలికగా దిగుతుందన్న నమ్మకంతో చాలామంది అన్నం తేలేలా చారు పోశారు. పలుచన చేస్తే మింగడం సులువన్న ఈ నమ్మకం ఎంత బలమైనదో రోజూ చూస్తున్నాను కనుక, దీని గురించి విసుగు లేకుండా వివరంగా చెప్పదలచుకున్నాను.

ఒక చెంచా పలుచని చారన్నం మీరే నోటిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, తొందర పడకుండా గమనించండి. చారు ముందుగా గొంతులోకి జారిపోతుంది, మెతుకులు నాలుక మీద మిగిలిపోతాయి. మెతుకులను నాలుకతో ఆపి ఉంచుతూ నీటిని మాత్రమే మింగి, ఆ తరువాత మెతుకులను పక్కకు నెట్టి నమలడం ఒకే ముద్దకు చేయవలసిన రెండు పనులు. ఎనిమిది నెలల బిడ్డకు ఒక్కొక్కటీ విడిగానే ఇంకా పూర్తిగా చేతకాలేదు. చారన్నమే కాదు, పలుచని మజ్జిగన్నం, పాలలో వేసిన బిస్కెట్టు ముక్కలు, సాంబారులో తేలే ఇడ్లీ తునకలు, కొరకగానే రసం చిమ్మి తోలు మిగిలే బత్తాయి తొన, లేత కొబ్బరి తునకలతో కలిపి పట్టిన కొబ్బరి నీళ్లు అన్నీ ఈ కోవలోనివే. వేసవిలో బీచ్ రోడ్డుకు షికారు వెళ్లి, మెత్తగా ఉంది కదా అని బిడ్డ నోటిలో పెట్టే తాటి ముంజె వీటన్నిటిలోకి కష్టమైనది, ఎందుకంటే దాని నీరు లోపల దాగి ఉండి చిదిమిన తరువాత గాని బయటకు రాదు.

పరీక్ష చాలా చిన్నది. కలిపిన అన్నాన్ని చెంచాతో తీసి వంచండి. నీరు విడిగా కారి, మెతుకులు చెంచాకే అంటుకుని ఉంటే అది పెట్టదగినది కాదు. మొత్తం ఒకే ముద్దగా జారితే పెట్టవచ్చు. నేనైతే ముద్దపప్పు, నెయ్యి మాత్రమే వాడతాను. గట్టి పెరుగు, మెదిపిన ఆనపకాయ, చిక్కగా కాచిన చోడి (రాగి) జావ కూడా ఇదే పని చేస్తాయి. నాది మరొక దగ్గరి దారి ఉంది: ఇంటిల్లిపాదికీ పాత బియ్యం వండినా, బిడ్డ కోసం గుప్పెడు కొత్త బియ్యం విడిగా వండుతాను. పాత బియ్యం విడివిడిగా ఉడుకుతుంది, కొత్త బియ్యం దానంతట అదే ముద్దగా అవుతుంది.

ఓకరించిందని మిక్సీకి తిరిగి వెళ్లవద్దనడానికి మరొక కారణం ఉంది. ఇంగ్లండులోని ఏవన్ ప్రాంతంలో 1990ల మొదట్లో పుట్టిన పిల్లలను గమనించినప్పుడు, పది నెలలు దాటాక గాని మెతుకులు తగిలే తిండి రుచి చూడని వారికి తరువాత తిండి దగ్గర ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయి.

ఇక నమలడం. ముద్దను నాలుక నడుమ కాక, చిగుళ్ల నడుమ ఒక పక్కన పెట్టండి, తరువాత రెండవ పక్కన. నాలుక దానిని వెతుక్కుంటూ పక్కకు తిరగడమే ఈ పాఠంలో నేర్పవలసిన కదలిక. దంతాలు రాకపోయినా చిగుళ్లు చాలు. రైతు బజారులో దొరికే చిలగడదుంప, క్యారెట్ ఏదైనా వేలంత పొడవున కోసి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నలిగే దాకా ఆవిరికి ఉడికించండి. చేప తినే ఇళ్లలో వంజరం ముక్క మంచిది. పొరలను వేళ్లతో విడదీసి ముల్లు లేదని మీ వేళ్లకు రూఢి అయ్యాకే పెట్టండి. పచ్చి క్యారెట్, పాప్‌కార్న్, వేరుశనగ గింజలు, కోయని ద్రాక్ష అయిదేళ్లు వచ్చేదాకా వద్దు.

నమిలితే మాటలు వస్తాయా అని పలువురు అడిగారు. రావు. నోరు ఒకటే అయినా మెదడు ఆ రెండు పనులనూ వేరువేరుగా నడిపిస్తుంది. ఈలలు ఊదించడం, నాలుకకు కసరత్తు చేయించడం వలన కూడా మాట రాదు. అయితే బువ్వ వేళ మాటకు మంచి వేళ. రెండు ముద్దలు పెట్టి, మూడవది చేతిలో పట్టుకుని, అయిదు లెక్కపెట్టే వరకు బిడ్డ ముఖం చూస్తూ ఆగండి. చూపో, చేయో, "మ్మ" అన్న శబ్దమో ఏది వచ్చినా "ఇంకా కావాలా? ఇదిగో ఇంకా" అని పెట్టండి. ముఖం తిప్పుకుంటే "చాలు" అని చెప్పి నిజంగానే ఆపండి. మాట ఆలస్యమైన ప్రతి బిడ్డకూ ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి.

భోజనం ప్రతిసారీ దగ్గుతో ముగిసినా, తిన్న తరువాత గొంతు నీళ్లు నిండినట్లు గురగురలాడినా, ఊపిరితిత్తుల జబ్బు మాటిమాటికీ వచ్చినా, బరువు పెరగకపోయినా ఈ పాఠాలను ఆపి పిల్లల వైద్యుని దగ్గరకు వెళ్లండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఎదుగుదల ఆలస్యమైన పిల్లలకు ఉచితంగా పరీక్ష, చికిత్స ఉన్నాయి; అంగన్‌వాడీ కార్యకర్తను అడిగితే దారి చెబుతారు. అంగిలి చీలిక, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల కదలిక అదుపు తప్పడం) ఉన్న పిల్లలకు ఈ పాఠంలోని ఏ పనీ మింగడం, మాట నేర్పే థెరపిస్టు చూడకుండా చేయవద్దు.

అభ్యాసం 7 రోజులు, రోజుకు ఒక పూట. వారమంతా ఒకే వంటకం, కొత్త బియ్యం, ముద్దపప్పు, నెయ్యి. పూటకు చిగుళ్ల పక్కన పెట్టే ముద్దలు 10, అంతకు మించి వద్దు. మిగిలిన కడుపు అలవాటైన తిండితో నింపండి. ప్రతి ముద్దకూ నోటు పుస్తకంలో ఒక గుర్తు వేయాలి: ఓకరిస్తే "ఓ", దగ్గితే "ద", ఏమీ కాకపోతే చుక్క. పెట్టేవారే రాయలేరు కనుక రాసే పని మరొకరికి అప్పగించండి. మూడవ రోజున, అయిదవ రోజున ఫోనులో వీడియో తీయండి, కాని బిడ్డ ముఖాన్ని కాదు, చెంచా పట్టుకున్న మీ చేతిని. చెంచా పై పెదవికి రాసుకుంటూ బయటకు వస్తున్నదా, పెదవులు మూసుకునే వరకు అక్కడే ఆగుతున్నదా అన్నది తరువాత చూసి రాసుకోండి. ఆ 70 గుర్తులను పంపినవారి సందేహాలతోనే ఆరవ పాఠాన్ని మొదలుపెడతాను.