గుంబజ్ సంగతి తర్వాత, ముందు సఫ్ గీయండి

విజయవాడ వన్‌టౌన్‌లో ప్లాన్లు గీయడం నా పని. మాది నూర్‌బాషా కుటుంబం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. పాత మసీదు చాలడం లేదు, పడగొట్టి కొత్తది కడదామని నా దగ్గరికి వచ్చే కమిటీ పెద్దలు ముందుగా ఫోన్ తీసి ఫొటో చూపిస్తారు. అబుదాబీదో, మదీనాదో పెద్ద గుంబజ్, అంటే మసీదు మీది గుండ్రటి కప్పు. "బాబూ, ఇట్టాంటిది మన సందులో పడుతుందా?" అంటారు. ఆ ఆశ నాకూ తెలుసు. కానీ ఆ ఫోన్ జేబులో పెట్టించి, స్థలం దగ్గరికి తీసుకెళ్లి, ముగ్గుపిండితో నేల మీద ఒక సఫ్, అంటే నమాజుకు నిలబడే వరుస, గీస్తాను. ప్లాను అక్కడ మొదలవ్వాలి.

ఎందుకంటే మదీనాలో ప్రవక్త (స) కట్టించిన మసీదుకు గుంబజ్ లేదు, మినార్ లేదు. ఖర్జూరపు మొద్దులే స్తంభాలు, మట్టలే కప్పు. ప్రవక్త సహచరుడు హజ్రత్ బిలాల్ (రజి) దగ్గర్లోని ఇంటి కప్పెక్కి అజాన్ (నమాజు పిలుపు) ఇచ్చేవారు. గోడలోకి లోతుగా ఉండే మిహ్రాబ్ (నమాజు చేయించే ఇమామ్ నిలబడే గూడు), మూలల్లో మినార్లు ఆ మసీదుకు 8వ శతాబ్దం మొదట్లో, ఖలీఫా వలీద్ దాన్ని తిరిగి కట్టించినప్పుడు వచ్చాయి. భుజానికి భుజం ఆనించి నిలబడే సఫ్ మాత్రం మొదటి రోజు నుంచీ ఉంది.

ఖిబ్లా పట్టుకోవడం

నమాజులో తిరగాల్సిన మక్కా దిక్కే ఖిబ్లా. మన దగ్గర ఖిబ్లా అంటే పడమర అనేస్తారు. విజయవాడలోనైనా గుంటూరులోనైనా మక్కా దిక్కు సరిగ్గా పడమర కాదు, పడమర నుంచి ఉత్తరానికి దాదాపు 14 డిగ్రీలు జరిగి ఉంటుంది. మేస్త్రీకి డిగ్రీలు చెప్పక్కర్లేదు. పడమరకు 12 అడుగులు తాడు లాగండి, దాని కొస నుంచి సూటిగా ఉత్తరానికి 3 అడుగులు కొలవండి. మొదలుపెట్టిన మేకు నుంచి ఆ గుర్తుకు తాడు కడితే అదే ఖిబ్లా.

అసలు పడమర ఏదో తెలుసుకోవడానికి ఫోన్‌లోని దిక్సూచిని నమ్మకండి. నేను నమ్మి దెబ్బతిన్నాను. నా మొదటి మసీదు పనిలో ఇనుప చువ్వల కట్ట పక్కనే నిలబడి ఫోన్ చూసి మార్కింగ్ ఇచ్చేశాను. ఫుటింగులకు గుంటలు తవ్వాక అనుమానం వచ్చి మళ్లీ చూస్తే గీత చాలా పక్కకు పోయింది. మూడు గుంటలు పూడ్చి కొత్తగా తవ్వించాం. చందాల డబ్బు అది. తోపుడుబండి మీద పళ్లు అమ్మే మనిషి రోజుకు పదీ ఇరవై దాచి ఇచ్చిన డబ్బు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి సూర్యుణ్ణి అడుగుతున్నాను. ఏడాదిలో రెండుసార్లు సూర్యుడు సరిగ్గా కాబా నడినెత్తి మీదికి వస్తాడు. మే 27, 28 తేదీల్లో మన గడియారంలో మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు, జులై 15, 16 తేదీల్లో 2 గంటల 57 నిమిషాలకు. ఆ నిమిషంలో ఇక్కడ నిలబడి సూర్యుడి వైపు తిరిగితే మక్కా వైపు తిరిగినట్టే. 6 అడుగుల కర్రను గుండు కట్టిన తాడుతో చూసుకుని నిటారుగా పాతండి. దాదాపు 5 అడుగుల నీడ తూర్పు వైపుకి పడుతుంది. నీడ కొస నుంచి కర్ర మొదలుకు గీసిన గీతే ఖిబ్లా. జులైలో మబ్బు పట్టే భయం ఉంది కాబట్టి నేను మే నెలనే నమ్ముకుంటాను. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండ అది. తలకు తువ్వాలు చుట్టుకుని, ఇద్దరు ముగ్గురు కమిటీ పెద్దలను కూడా నిలబెట్టండి. కళ్లతో చూసిన గీత మీద తర్వాత గొడవ రాదు.

ఒక మాట. పాత మసీదు సూటిగా పడమరకే ఉందని తెలిస్తే పెద్దలను తప్పు పట్టకండి. కొద్దిపాటి తేడాతో నమాజు చెల్లుతుందని ఉలమాలు (మత పండితులు) చెబుతారు. ఆ తరం చేతిలో ఉన్నంతలో శ్రద్ధగానే కట్టింది.

సందు ఒక దిక్కు, సఫ్ ఒక దిక్కు

ఇప్పుడు అసలు చిక్కు. సందు ఉత్తర దక్షిణాలుగా ఉంటే స్థలమూ అట్లాగే ఉంటుంది, సఫ్‌లు మాత్రం 14 డిగ్రీలు ఏటవాలుగా వస్తాయి. 40 అడుగుల గోడకు ఒక కొసన 10 అడుగులు పోతుంది. ముందొక ముక్కోణం, వెనకొక ముక్కోణం, ఒక్కోటి 200 చదరపు అడుగులు. ఒక మనిషికి 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవు లెక్కేస్తే రెండూ కలిపి 50 మంది చోటు.

దీన్ని నష్టం అనుకోకండి. కైరోలో 1125లో కట్టిన అల్ అక్మర్ మసీదు వీధి వైపు గోడను వీధికి సమంగా నిలబెట్టి, లోపలి హాలును ఖిబ్లాకు తిప్పింది. ఆ తేడా అంతా గోడ మందంలో, మధ్య గదుల్లో కలిసిపోయింది. మన కాలంలో ఢాకాలోని బైతుర్ రవూఫ్ మసీదుదీ ఇదే చిక్కు, అక్కడ 13 డిగ్రీలు. ఆర్కిటెక్టు మెరీనా తబస్సుమ్, స్థలం ఇచ్చింది వాళ్ల కుటుంబంలోని పెద్దావిడే. ఆమె చదరపు ఇటుక గోడల మధ్య గుండ్రటి గోడ పెట్టి, దాని లోపల హాలును ఖిబ్లా వైపు తిప్పారు. మిగిలిన చోట్లను ఆకాశం కనిపించే వెలుతురు గూళ్లుగా వదిలేశారు. గుంబజ్ లేదు, మినార్ లేదు. 2012లో పూర్తయింది, 2016లో కట్టడాలకు ఇచ్చే ఆగాఖాన్ పురస్కారం వచ్చింది. ఆ ఫొటోలు చూసినప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి. కరెంటు దీపం లేకుండానే కప్పులోని చిన్న రంధ్రాల నుంచి వెలుతురు చుక్కలు నేల మీద పడుతుంటాయి.

మన సందులో అంత చేయలేకపోయినా ముందు ముక్కోణంలో మిహ్రాబ్, మింబర్ (ప్రసంగానికి ఎక్కే మెట్ల పీఠం), ఖురాన్ల బీరువా, మైకు మిషను పెట్టండి. వెనక ముక్కోణంలో మెట్లు, చెప్పుల అరలు. ఒక్క అడుగూ వృథా పోదు.

పిల్లర్లు

సూటిగా ఉన్న హాలయితే లెక్క సులువు. లోపల 40 అడుగుల వెడల్పు, 48 అడుగుల లోతు ఉంటే సఫ్‌కు 20 మంది, 12 సఫ్‌లు, మొత్తం 240 మంది. మిహ్రాబ్‌ను గోడ బయటికి పొడిస్తే ఇమామ్ సాబ్ దానిలో నిలబడతారు, మొదటి సఫ్ మిగులుతుంది. స్థలం ఏ ఆకారంలో ఉన్నా అడ్డం వెడల్పు ఎక్కువ ఉండేట్టు చూడండి. మొదటి సఫ్‌కు పుణ్యం ఎక్కువని అందరికీ తెలుసు, అందులో ఎంతమందికి చోటిస్తే అంత మంచిది.

పిల్లర్ల దూరం లోతు వైపు 4 అడుగుల లెక్కలోనే ఉండాలి, అంటే 12 గానీ 16 గానీ. పిల్లరు రెండు సఫ్‌ల మధ్య గీత మీద కూర్చోవాలి. అప్పుడు వెనక ఒకరి సజ్దా (నుదురు నేలకు ఆనించే) చోటు పోతుంది గానీ భుజాల వరుస తెగదు. స్ట్రక్చరల్ ఇంజనీరు 15 అడుగులు చాలంటారు, ఇనుము కలిసొస్తుందంటారు. ఆ ఒక్క అడుగు కోసం గట్టిగా అడగండి. అది వదిలేస్తే యాభై ఏళ్లు ఆ పిల్లరు సఫ్ మధ్యలో నిలబడుతుంది.

వక్ఫ్ బోర్డు అనుమతి, నగరపాలక సంస్థ ప్లాను, మట్టి పరీక్ష ఇవన్నీ తవ్వకం ముందే అయిపోవాలి. ప్లింత్ (పునాది అరుగు) ఎత్తు విషయంలో పిసినారితనం వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. మోటారు, కరెంటు బోర్డు నడుము పైకి పెట్టండి, ఎత్తుకు తగ్గ ర్యాంపు కట్టండి. ఢాకా మసీదుకూ అరుగు ఎత్తుగానే ఉంది. వాన నీళ్లు రావు, సాయంత్రం చుట్టుపక్కల వాళ్లు దాని మీద కూర్చుంటారు.

వజూఖానా, ఎండ, శబ్దం

నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కునే వజూ కుళాయిల మధ్య రెండున్నర అడుగులు వదలండి. కూర్చునే దిమ్మె మోకాలి ఎత్తు దాటితే ముసలివాళ్లు కాళ్లు కడుక్కోలేరు. వజూ దగ్గర నుంచి హాలుకు వచ్చే దారిలో నున్నటి టైల్స్ వద్దు, గరుకు రాయి వేయండి. తడి కాళ్లతో జారి తుంటి విరిగిన పెద్దాయనను నేను మోసుకెళ్లాను. ఆడవాళ్ల వజూ చోటు, వాళ్ల మెట్లు మొదటి ప్లానులోనే గీయండి, తర్వాత ఇరికిస్తే ఎవరికీ కుదరదు.

ఇక గుంబజ్. గుండ్రటి కప్పు లోపలివైపు శబ్దాన్ని ఒకచోటికి పోగు చేసి వెనక్కి కొడుతుంది. ఖుత్బా (శుక్రవారం ప్రసంగం) మాటలు ఒకదాని మీద ఒకటి పడి, వెనక సఫ్‌కు ఘోష తప్ప మాట అందదు. ఒక్క పెద్ద స్పీకరు బదులు పిల్లరు పిల్లరుకూ చిన్నవి పెట్టి తక్కువ శబ్దంతో నడపండి. గుంబజ్ కట్టే పక్షంలో దాని మెడ చుట్టూ తెరుచుకునే కిటికీలు ఉండాలి. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి మన వేసవిలో అదే దాని అసలు ఉపయోగం. గాలి పోయే దారి లేకుండా మూసిన సిమెంటు గుంబజ్ కింద జుమా (శుక్రవారం నమాజు) నాడు నిలబడటం కష్టం.

డబ్బు చాలకపోతే గుంబజ్ లేదని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. 1965లో తెరిచిన కౌలాలంపూర్ జాతీయ మసీదు కప్పు విప్పిన గొడుగులా ఉంటుంది. 1986లో పూర్తయిన ఇస్లామాబాద్ ఫైసల్ మసీదును తుర్కీ ఆర్కిటెక్టు వేదాత్ దలోకాయ్ గుడారం ఆకారంలో గీశారు. రెండూ ఆయా దేశాల జాతీయ మసీదులు, రెంటికీ గుంబజ్ లేదు. మినార్ ఒక్కటి చాలు, సందు మలుపు నుంచి కనిపించేట్టు.

స్లాబ్ ఆరి, ఫ్లోరింగ్ అయ్యాక, జానమాజ్ (నమాజుకు పరిచే) కార్పెట్ కొనేముందు ఖిబ్లా తాడు ఇంకోసారి లాగండి. టైల్స్ గీతను చూసి కార్పెట్ పరిచేవాళ్లు ఉంటారు. పనివాళ్ల చేతికి మీరే సుద్దముక్క ఇచ్చి, మొదటి సఫ్ గీత దగ్గరుండి గీయించండి.