ఎన్‌చాంటెడ్ రాక్‌కు డే పాస్: బయల్దేరేముందే చేసుకోవాల్సిన పని

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే టెక్సస్‌లో ఏం చూపించాలా అని ఆలోచించేవాళ్లకి నేను మొదట చెప్పే పేరు ఎన్‌చాంటెడ్ రాక్. ఆస్టిన్ నుంచి కారులో రెండు గంటల దారి. ఫ్రెడరిక్స్‌బర్గ్‌కు ఉత్తరాన 18 మైళ్ల దూరంలో, రాంచ్ రోడ్ 965 మీద ఉంటుంది. చుట్టుపక్కల నేల కంటే 425 అడుగుల ఎత్తున లేచిన గులాబీ రంగు గ్రానైట్ బోడికొండ అది. భువనగిరి కోట ఎక్కినవాళ్లు దీన్ని చూడగానే ఎక్కడో చూసినట్టుందే అనుకుంటారు. పోలిక పైపైది కాదు. రెండూ భూమి లోపల గట్టిపడిన గ్రానైటే. పైనున్న బరువు కొట్టుకుపోయాక ఉల్లిపాయ పొరల్లా పలకలు ఊడుతూ ఇలా నున్నగా బయటపడ్డాయి. ఎన్‌చాంటెడ్ రాక్ వయసు సుమారు వంద కోట్ల ఏళ్లు. మన దక్కను గ్రానైట్ బండలు అంతకన్నా పాతవి.

ఇది టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ నడిపే స్టేట్ నేచురల్ ఏరియా, అంటే రాష్ట్రం కాపాడే ప్రకృతి ప్రాంతం. లోపల పార్కింగ్ పరిమితం. అది నిండగానే గేటు మూసేస్తారు. వసంతకాలంలో, చలి మొదలయ్యే రోజుల్లో, శనాదివారాల్లో, సెలవు రోజుల్లో ఇది మామూలే. పెద్దవాళ్లని రెండు గంటలు కారులో కూర్చోబెట్టి, గేటు దాకా వెళ్లి వెనక్కి తిరగడం కంటే బాధ ఉండదు. ముందే డే పాస్ (ఆ ఒక్క రోజు ప్రవేశానికి చేసుకునే బుకింగ్) ఉంటే ఆ టెన్షన్ లేదు, మీ చోటు మీకు ఉంటుంది.

పాస్ 30 రోజుల ముందు నుంచి తీసుకోవచ్చు. డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో స్టేట్ పార్కుల రిజర్వేషన్ పేజీకి వెళ్లి, ఈమెయిల్‌తో అకౌంట్ తెరవండి. పార్కుల జాబితాలో ఎన్‌చాంటెడ్ రాక్ ఎంచుకుని, క్యాంపింగ్ కాకుండా డే పాస్ అన్నదాని మీద నొక్కండి. తేదీ, పెద్దలు ఎంతమంది, పిల్లలు ఎంతమంది అన్నవి నింపి కార్డుతో డబ్బు కట్టాలి. నెట్ కుదరకపోతే పనిదినాల్లో రిజర్వేషన్ సెంటర్‌కు ఫోన్ చేసి కూడా బుక్ చేసుకోవచ్చు. వచ్చిన కన్ఫర్మేషన్‌ను ప్రింట్ తీసుకోండి, లేదా ఫోన్‌లో స్క్రీన్‌షాట్ పెట్టుకోండి. అక్కడికెళ్లాక మెయిల్ తెరుద్దాంలే అని సిగ్నల్‌ను నమ్ముకోవద్దు.

ప్రవేశ రుసుము 13 ఏళ్లు, ఆపైన ఉన్నవారికి తలకు 8 డాలర్లు. 12 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లలకు ఉచితం, కానీ బుకింగ్‌లో వాళ్ల లెక్క కూడా చూపాలి. డబ్బు కట్టేముందు పేజీలో ఉన్న రేటు ఒకసారి సరిచూసుకోండి.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఏడాది పాటు చెల్లే టెక్సస్ స్టేట్ పార్క్స్ పాస్ మీ దగ్గరుంటే ఆ కారులో వచ్చినవాళ్లందరికీ ప్రవేశ రుసుము ఉండదు. కానీ అది రుసుము మాఫీ మాత్రమే, చోటుకు హామీ కాదు. పార్క్స్ పాస్ ఉన్నా ఆ రోజుకి డే పాస్ బుక్ చేసుకోవాల్సిందే. బుక్ చేసేటప్పుడు పాస్ నంబర్ ఇస్తే రుసుము తీసేస్తారు. రెండు కార్లలో వెళితే రెండో కారులో వాళ్లకి ఈ సౌకర్యం వర్తించదు. అలాగే 65 ఏళ్లు దాటినవారికి ఇచ్చే రాయితీ పాస్ టెక్సస్ నివాసులకే. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు పూర్తి టికెట్ లెక్క వేసుకోండి.

రాత్రి ఉండాలనుకుంటే క్యాంప్‌సైట్ విడిగా బుక్ చేయాలి. ఇది 5 నెలల ముందు నుంచే దొరుకుతుంది. క్యాంపింగ్ అద్దెకు తోడు రోజువారీ ప్రవేశ రుసుము కూడా కట్టాలి. టెంట్ పక్కన కారు పెట్టుకునే వీలు లేదు, సామాను మోసుకుంటూ నడవాలి. ఆర్‌వీలు (లోపలే పడుకునే వీలున్న పెద్ద బండ్లు) పెట్టుకునే చోటు కూడా లేదు. తాడు కట్టుకుని రాతి గోడలు ఎక్కేవాళ్లు పార్కు ఆఫీసు అయిన హెడ్‌క్వార్టర్స్‌లో వివరాలు నమోదు చేసుకోవాలి.

పాస్ చేతికొచ్చాక రోజు ఎలా గడపాలో చూద్దాం. కొండ పైకి వెళ్లే నడకదారి సమ్మిట్ ట్రయల్ ఒకవైపు సుమారు 0.8 మైలు. దూరం తక్కువే, కానీ నీడ ఉండదు. వేసవిలో అయితే పొద్దున్నే ఎక్కి దిగిపోవడం మేలు, తలా ఒక పెద్ద నీళ్ల సీసా తప్పనిసరి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకి కొండ చుట్టూ తిరిగే లూప్ ట్రయల్‌లో కొంత దూరం నడిచినా చాలు, బండ మొత్తం బాగా కనిపిస్తుంది. వాన పడినప్పుడు రాయి జారుతుంది. కుక్కను తీసుకెళితే సమ్మిట్ ట్రయల్ మీదికి రానివ్వరు.

పైన బండ మీద వాన నీరు నిలిచే చిన్న చిన్న గుంటలుంటాయి. వాటిలో ఫెయిరీ ష్రింప్ అనే అతి చిన్న ప్రాణులు బతుకుతాయి. గుంట ఎండినప్పుడు గుడ్లుగా ఉండిపోయి, మళ్లీ వాన పడితే పొదుగుతాయి. ఎండిన గుంటే కదా అని కాలు పెడితే ఆ గుడ్లు నలిగిపోతాయి. పిల్లలకు ఈ సంగతి ఎక్కేముందే చెప్పండి. గులాబీ రాయి ముక్క ఒకటి జ్ఞాపకంగా జేబులో వేసుకోవడం కూడా నేరమే, రాయి గానీ మొక్క గానీ తీసుకెళ్లకూడదు.

సూర్యాస్తమయం చూడాలనుకునేవాళ్లు టైమ్ చూసుకోవాలి. లూప్ ట్రయల్ తప్ప మిగతా దారులన్నీ సూర్యుడు అస్తమించిన అరగంటకి మూసేస్తారు. అమ్మానాన్నలతో నెమ్మదిగా దిగాలి కాబట్టి ఆ లెక్కన ముందే కదలండి, టార్చిలైట్ ఒకటి బ్యాగులో ఉంచుకోండి.